పీలిక విప్పిన మొక్క

ఆ పోలీస్ స్టేషన్ టీ ఒక్క గ్లాసు తాగిస్తే చాలు, లాఠీతో పని ఉండదని పిన్నిగారు మరిదిని ఎప్పుడూ దెప్పుతూ ఉంటుంది. పొద్దున కాచిన డికాక్షన్నే మధ్యాహ్నం దాకా మరిగిస్తారు. చక్కెర డబ్బా ఖాళీ అయి ఎన్నాళ్ళయిందో అక్కడ ఎవరికీ గుర్తు లేదు. ఆవిడ ఒక్క గుక్క తాగి, మొహం చిట్లించి గ్లాసు పక్కన పెట్టేసింది. ఎదురుగా బెంచీ మీద కూర్చున్న దుంపల పెద్దమ్మ మాత్రం గ్లాసు అడుగు దాకా తాగి, చేత్తో మూతి తుడుచుకుని, "మంచి టీ ఇచ్చావు బాబూ" అని కానిస్టేబుల్‌తో అంది. భయంలో ఉన్న మనిషికి మర్యాద ఎక్కువవుతుందని పిన్నిగారు అనుకుంది. ఆ రోజు ఆవిడ చేసిన మొదటి తప్పు అదే.

పిన్నిగారు ప్రైవేటు డిటెక్టివ్. దొంగలూ దొరలూ అందరూ ఆవిణ్ణి అలాగే పిలుస్తారు. ఆ స్టేషన్ ఇన్‌స్పెక్టరు ఒక్కడే "వదినా" అంటాడు, అది కూడా చుట్టూ ఎవరూ లేనప్పుడు. భర్త పోయాక అత్తింటి వైపు ఆవిడకు మిగిలిన చుట్టరికం ఈ మరిదే, పోటీదారూ ఈ మరిదే.

కేసు చూడబోతే చాలా చిన్నది. దుంపల పరిశోధనా కేంద్రం డైరెక్టరు మొన్న మధ్యాహ్నం కర్రపెండలం కూరతో కడుపునిండా భోంచేసి సాయంత్రానికల్లా చనిపోయాడు. పోస్టుమార్టంలో సయనైడ్ అని తేలింది. అది ఎవరో సీసాతో తెచ్చి పోయనక్కర్లేదు. కర్రపెండలంలో చేదు రకానికి పుట్టుకతోనే ఉంటుంది. తీపి రకాన్ని ఉడికించి తినేయవచ్చు. చేదు రకాన్ని తురిమి, రోజుల తరబడి నానబెట్టి, నీరు పిండేసి, ఎండబెట్టి పిండి చేసుకుంటే తప్ప నోట పెట్టకూడదు. ఆ కేంద్రం పొలంలో రైతులకిచ్చిన మడుల్లో రెండు రకాలూ పక్కపక్కనే పెరుగుతాయి. డైరెక్టరుకి ఆ దుంపలు బుట్టలో పంపింది దుంపల పెద్దమ్మ.

ఎందుకు పంపిందో ఊరంతటికీ తెలుసు. కేంద్రంవాళ్ళు ఈమధ్య అన్ని రకాల ఆకులూ కోసుకుపోయి జన్యు పరీక్షలు చేయించారు. రైతులు చెప్పే పేర్లు పదిహేను ఉన్నా నిజానికి రకాలు ఆరేనని తేల్చి, మిగతా పేర్లన్నీ కొట్టేశారు. పెద్దమ్మ ప్రాణంలా చూసుకునే "వెన్నదుంప" కూడా ఆ కొట్టివేతలో పోయింది. ఆవిడ మీటింగులో లేచి, మా పేరు చెరిపినవాడు ఆ దుంపే తిని చావాలని శపించింది. డైరెక్టరు నవ్వేసి, నీ దుంప అంత వేరైతే ఓ బుట్ట పంపు, తిని చెబుతానన్నాడు. ఆవిడ పంపింది. ఆయన తిన్నాడు. మరిదికి ఇంకేం కావాలి.

"నీ చేత్తోనే తవ్వావా?" అని పిన్నిగారు అడిగింది.

"నా చేత్తోనే. వరస చివర మూడు మొక్కలు బాగా ఊరాయి. అందులో మొదటిది తవ్వాను. ఆయన నోరు మూయించాలని మంచివే ఏరాను తల్లీ."

"పక్కనున్న చేదు మడిలోవి కలవలేదు కదా?"

పెద్దమ్మ ఆ మాటకు నొచ్చుకుంది. నలభై ఏళ్ళుగా తన చెయ్యి తప్పలేదంది. ఆ చివరి మూడూ ముందటేడు వాటంతట అవే మొలిచిన మొక్కలట. విత్తనం పడి మొలిచిన మొక్కని పీకెయ్యరు. దాన్ని కొత్తకోడలు అంటారు. ఆకు, కాడ రంగు పక్క మొక్కలకు దగ్గరగా ఉంటే ఆ వరసలోనే ఉండనిస్తారు, కాని మొదలుకి గుడ్డపీలిక కడతారు. దుంప ఊరాక ఇంటి పెద్దది పక్కనుంచి ఒక వేరు తవ్వి, పచ్చిముక్క నమిలి చూస్తుంది. తియ్యగా ఉంటే పీలిక విప్పేస్తుంది. ఆనాటినుంచి అది వెన్నదుంపే, దాని కొమ్మలు ఎవరడిగినా ఇవ్వచ్చు. చేదైతే పీకి అవతల పారేస్తారు.

మీ వీధిలో ఎవరు నమిలి చూస్తారని పిన్నిగారు అడిగితే, అందరి మడుల్లోనూ తనేనని చెప్పి పెద్దమ్మ తల దించుకుంది. అణకువ అనుకుంది పిన్నిగారు. అది రెండో తప్పు.

వరండాలో పెద్దమ్మ కూతురు నిలబడి ఉంది. పిన్నిగారికి ఈ కేసు అప్పగించింది ఆవిడే. పొద్దుటినుంచి ఏడ్చి ఏడ్చి కళ్ళు వాచిపోయాయి. మా అమ్మ దుంపలో విషం ఉందంటే భూమి బద్దలైపోవాలి అని అదే మాట మళ్ళీ మళ్ళీ అంటోంది. పిన్నిగారికి జాలేసింది. "ఇక్కడ నిలబడి ఏడిస్తే అమ్మ బయటికి రాదమ్మా. ఇవాళ ఒంటిపూట బడి, పిల్లలు వచ్చే వేళయింది. ఇంటికెళ్ళి వాళ్ళకింత వండిపెట్టు" అని భుజం తట్టి పంపించింది.

మరిది గదిలోంచే చేత్తో పిలిచాడు. నాలుగింటికి జీపు బయల్దేరుతుందనీ, పెద్దమ్మను కోర్టులో హాజరుపరిచి జైలుకి పంపేస్తాననీ చెప్పాడు. ఆ వయసులో జైలుకి వెళ్తే ఆవిడ మళ్ళీ ఇంటికి రాదని ఇద్దరికీ తెలుసు.

"శాపం పెట్టింది. బుట్ట పంపింది. చేదు మడి ఆవిడ మడికి ఆనుకునే ఉంది. నీకింకా ఏం కావాలి వదినా?"

"ఆవిడ చంపాలనుకుంటే తన పేరు మీదున్న దుంపతో చంపుతుందా? ఆవిడ గొడవంతా ఆ పేరు కోసమే కదా."

"కోపంలో ఉన్న మనిషి లెక్కలు వేసుకోదు. చేదు మడికి సీలు వేయించాను. సాక్ష్యం ఎక్కడికీ పోదు."

"వెన్నదుంప వరసకి వేశావా?"

"దానికెందుకు? తీపి రకమని సైంటిస్టులే బోర్డు పెట్టారుగా."

"బోర్డుని అరెస్టు చెయ్యలేవు కాబట్టి నమ్మేశావన్నమాట" అంది పిన్నిగారు. మరిది మొహం మాడ్చుకున్నాడు. ఈ కేసు దుంప తెంచేదాకా నువ్వు నిద్రపోవని గొణిగాడు. ఆవిడ అప్పటికే గుమ్మం దాటేసింది.

దారిలో ఆసుపత్రిలో డైరెక్టరు వంటమాస్టరును చూసింది. రుచి చూసిన రెండు ముక్కలకే మంచాన పడ్డాడతను. కూర కాస్త చేదుగా ఉందని డైరెక్టరు అన్నాడట. అడుగంటిందేమోనండీ అని తను సర్దిచెప్పాడట. కారం, పులుపు దండిగా పట్టించిన కూర కావడంతో ఆయన రెండోసారి కూడా వడ్డించుకున్నాడు. అది చెబుతూ వంటమాస్టరు దుప్పటి మొహం మీదికి లాక్కున్నాడు. విషం తెచ్చినవాడు ఎవడో ఒకడు కనిపిస్తే పిన్నిగారికి ఇంత భయం ఉండేది కాదు. ఈ కేసులో వండినవాడికీ తెలీదు, తిన్నవాడికీ తెలీదు, పంపినావిడా తెలీదంటోంది.

పొలం గేటు దగ్గర జన్యువుల డాక్టరు ఎదురొచ్చాడు. కేంద్రంలో పరీక్షలన్నీ చేసింది ఇతనే. కళ్ళజోడు మాటిమాటికీ తుడుచుకుంటున్నాడు. వరసలోకి ఇద్దరూ కలిసే నడిచారు. చేదు మడి చుట్టూ పోలీసు తాడు కట్టి ఉంది. దాని పక్కనే వెన్నదుంప వరస మాత్రం ఎవరైనా వచ్చిపోయేలా బార్లా తెరిచి ఉంది. తలెత్తు మొక్కల మధ్య గాలి ఆడడం లేదు. బోర్డు మీద "తీపి రకం, ఉడికించి తినవచ్చు" అని పెద్ద అక్షరాలతో రాసి ఉంది.

పెద్దమ్మ చెప్పిన చివరి మూడు మొక్కల దగ్గర పిన్నిగారు ఆగిపోయింది. మొదటి మొక్క ఉన్న చోట గుంత. మట్టి ఎండి నెర్రెలు పట్టింది. అది డైరెక్టరు బుట్ట కోసం తవ్వినది. నరికిన కాండం పక్కనే పడి ఉంది. ఆవిడ దాన్ని ఎత్తి మొదలు దగ్గర వేలితో తడిమింది. బెరడు మీద ఉంగరంలా చుట్టూ పాలిపోయిన నొక్కు ఉంది. ఎన్నాళ్ళో పీలిక కట్టి, తర్వాత విప్పిన గుర్తు. మూడో మొక్క ఇంకా నిలబడే ఉంది. దానికీ అదే నొక్కు.

రెండో మొక్క లేదు.

అక్కడ కూడా గుంతే ఉంది, కాని ఆ మట్టి ఇంకా తడిగా ఉంది. తెగిన వేళ్ళ నుంచి పాలు కారుతున్నాయి.

"ఇది ఎవరు తవ్వారు?"

"నాకు తెలీదండీ. పొద్దున నేనొచ్చినప్పుడు మొక్క ఉంది."

"పోలీసులా?"

"వాళ్ళు చేదు మడి తప్ప దేన్నీ ముట్టుకోలేదు."

ఆవిడ అతని కళ్ళలోకి చూసింది. అతను చూపు తప్పించాడు. రెండు గుంతల్లోనూ విరిగి మిగిలిన దుంప కొసలు తీయించి, ల్యాబులో వాడే పసుపు కాగితం ముక్కలు తెమ్మంది. సయనైడ్ ఆవిరి తగిలితే ఆ కాగితం ఇటుక రంగుకు తిరుగుతుంది. దుంప చిదిమి చిన్న సీసాలో వేసి, మూతకు కాగితం వేలాడదీసి బిరడా బిగించాలి. వరస మధ్యలో ఉన్న పాత మొక్క వేరు కూడా కొంచెం తీయించి మూడో సీసాలో వేయించింది. కాగితం రంగు తేలడానికి ఎంతసేపు పడుతుందంటే విషాన్ని బట్టి అన్నాడు. ఎంత ఎక్కువుంటే అంత త్వరగా తిరుగుతుందట.

ఈలోగా అతన్ని ఆరా తీసింది. అతను మొదట దబాయించాడు. వెన్నదుంప తీపి రకమేననీ, పరీక్షలో స్పష్టంగా తేలిందనీ, చేదు మడి నుంచి ఎవరో కావాలనే కలిపారనీ అన్నాడు.

"ఒక్కో పేరుకి ఎన్ని మొక్కల ఆకులు తీశారు?"

అతను సీసాలు మళ్ళీ వరసలో సర్దాడు.

"అడిగింది వినబడిందా బాబూ?"

"ఒకటండీ."

"వరసలో ఇన్ని మొక్కలుంటే ఒక్కటా?"

"పేరు ఒకటే కదండీ అని..."

"మీ ఇంటిపేరున్న వాళ్ళందరి రక్తం ఒకటేనా? మీ ఆవిడది కూడానా?"

అతను కళ్ళజోడు తీసేశాడు, మళ్ళీ పెట్టుకోలేదు. పదిహేను పేర్లకు పదిహేను ఆకులు తీశామనీ, వేర్వేరు పేర్ల కింద ఒకటే మొక్క ఉండొచ్చని చూశాము గాని, ఒకే పేరు కింద వేర్వేరు మొక్కలు ఉండొచ్చని చూడలేదనీ ఒప్పుకున్నాడు. మొన్న డైరెక్టరు పోయిన దగ్గర్నుంచి అతనికి ఆ అనుమానం పీకుతూనే ఉందట. చెబితే ఉద్యోగం పోతుందని నోరు విప్పలేదు.

పిన్నిగారికి కోపం వచ్చింది గాని, కోప్పడే తీరిక లేదు. మొదటి గుంత సీసాలో కాగితం అప్పటికే అంచుల నుంచి ఎర్రబారుతోంది. పాత మొక్కది పసుపుగానే ఉంది. చూస్తుండగానే రెండో గుంత కాగితం మొదటిదాన్ని కూడా దాటి ముదురు ఇటుక రంగుకు తిరిగింది.

"ఇది మొదటి దానికన్నా చాలా ఎక్కువండీ" అన్నాడు డాక్టరు, గొంతు తగ్గించి.

అంటే డైరెక్టరును చంపిన దుంప కన్నా పెద్ద విషం ఇవాళే ఎవరి చేతిలోకో వెళ్ళిపోయింది. పొలం మధ్యలో నిలబడి పిన్నిగారు నాలుగు దిక్కులా చూసింది. ఆకుల్లో ఏదో కదిలితే గిరుక్కున తిరిగింది. కాకి.

ఆలోచించడానికి తనకు మిగిలింది ఒక్కటే ప్రశ్న. రుచి చూడకుండా ఈ పీలికలు విప్పిందెవరు? ఎవరో కావాలని విప్పి ఉండాలి. పెద్దమ్మ మీద పగబట్టినవాళ్ళా? పేరు గొడవలో ఈ డాక్టరా? కాని ఇతనికి ఏ మొక్క ఏదో కూడా తెలీదు. బెరడు మీద నొక్కులు పాతవి. పీలిక విప్పి ఏడాదవుతోంది. ఏడాది ముందు ఈ గొడవే లేదు.

ఆవిడ వంగి, మూడో మొక్క వేరు కొస విరిచి, డాక్టరు వద్దు వద్దంటున్నా, గోరంత ముక్క పళ్ళతో కొరికి చూసింది. కొరికీ కొరకగానే ఉమ్మేసింది. నాలుక చేదుతో ముడుచుకుపోయింది. తాగే సీసాలో నీళ్ళన్నీ పుక్కిలించినా పోలేదు. ఇది తియ్యగా ఉందని మనిషన్నవాడెవడూ అనడు. ఇంతకన్నా మరిది స్టేషన్లో టీయే నయం అనుకుంది.

అనుకుని, అలాగే నిలబడిపోయింది.

అడుగు దాకా తాగేసిన టీ గ్లాసు ఆవిడ కళ్ళముందు కనబడింది. మంచి టీ ఇచ్చావు బాబూ.

కేంద్రం జీపులోనే స్టేషన్‌కు పరుగెత్తింది. లోపల పెద్దమ్మ అదే బెంచీ మీద కూర్చుని ఉంది. మరిది బయల్దేరడానికి టోపీ పెట్టుకుంటున్నాడు. పిన్నిగారు ఎవరితోనూ మాట్లాడకుండా పెద్దమ్మ ఎదురుగా నేల మీద కూర్చుంది.

"పెద్దమ్మా, నీ నాలుకకి రుచి తెలిసి ఎన్నాళ్ళయింది?"

జైలంటే వణకని మనిషి ఇప్పుడు వణికింది. మరిది ఏదో అనబోతే పిన్నిగారు చెయ్యెత్తి ఆపింది.

"నిరుడు వానల్లో జ్వరం వచ్చింది" అని పెద్దమ్మ మెల్లగా చెప్పింది. "తగ్గాక ఉప్పూ తెలీదు, కారమూ తెలీదు. వచ్చేస్తుందనుకున్నాను. వీధిలో అందరూ నా నాలుక మీదే బతుకుతున్నారు. రుచి పోయిందని చెబితే నా దగ్గరికి ఇంకెవరొస్తారు? ఆకు చూసి చెప్పగలననుకున్నాను తల్లీ. అచ్చం వెన్నదుంప ఆకే."

మరిది టోపీ తీసి బల్ల మీద పెట్టాడు. హత్య కేసు అతని కళ్ళముందే కూలిపోయింది. గెలిచానన్న సంతోషం పిన్నిగారికి రవ్వంత కూడా కలగలేదు.

"జ్వరం తర్వాత ఎన్ని పీలికలు విప్పావు?"

పెద్దమ్మ వేళ్ళు ముడుస్తూ లెక్కపెట్టడం మొదలుపెట్టింది. ఒక చెయ్యి అయిపోయింది. రెండో చెయ్యి కూడా అయిపోయింది. మళ్ళీ మొదటి చేతికి వచ్చింది.

"ఆ కొమ్మలు?"

"అడిగినవాళ్ళందరికీ ఇచ్చాను. వెన్నదుంప కొమ్మ అడిగితే లేదనలేం కదా. నిరుడు నాటారు. ఇప్పుడు ఊరి ఉంటాయి."

ఇవి తవ్వే రోజులేనని అక్కడున్న అందరికీ తెలుసు. మరిది ఫోనందుకుని, ఊళ్ళన్నిటికీ కబురు చెయ్యమని, ఎవరూ దుంప ముట్టుకోకూడదని మైకులో చెప్పించమని హడావిడిగా పురమాయించసాగాడు. "వదినా, ఆ రెండో గుంత తవ్విందెవరు?" అని మధ్యలో ఆగి అడిగాడు.

పిన్నిగారు వరండా వైపు చూసింది. అక్కడ ఎవరూ లేరు. ఇంటికెళ్ళి వాళ్ళకింత వండిపెట్టు. తన నోటి మాటే తన చెవిలో వినిపించింది. పెద్దమ్మ కూతురి నంబరు నొక్కి స్పీకరు పెట్టింది. చాలాసేపు మోగాక ఎత్తింది.

"పిన్నిగారూ, మీరు చెప్పినట్టే ఇంటికొచ్చేశానండీ. దారిలో పొలానికి వెళ్ళి అమ్మ దుంపలే తవ్వుకొచ్చి వండాను. విషం అన్నవాళ్ళకి మేం తిని చూపిస్తాం. నేనింకా తినలేదు, మీకు కూడా ఓ గిన్నెలో తీసి ఉంచాను."

"పిల్లలు తిన్నారా?"

"తిన్నారండీ. కాస్త చేదన్నారు, బెల్లం కలిపి పెట్టాను. ఎప్పుడూ పగలు పడుకోరు. ఇవాళ ఎందుకో కళ్ళు తిరుగుతున్నాయని ఇద్దరూ పడుకున్నారు."

మరిది ఆ మాట విన్నాడు. కోర్టు కోసం నిలబెట్టిన జీపు వైపు అరుస్తూ పరుగెత్తాడు. పెద్దమ్మ బెంచీ మీద నుంచి లేచి, పిన్నిగారి చేతిలోంచి ఫోను లాక్కుంది. ఏడాదిగా దాచుకున్న మాటను స్టేషనంతా వినేలా చెప్పింది.

"అమ్మాయ్, నా నాలుక చచ్చిపోయిందే. అది వెన్నదుంప కాదు. పిల్లల్ని లేపు."

అవతల ఫోను కిందపడిన చప్పుడైంది. తర్వాత కూతురు పిల్లల్ని పేరుపెట్టి పిలవడం వినిపించింది. ఒకసారి, మళ్ళీ ఒకసారి, ఇంకా గట్టిగా. పలికిన చప్పుడు మాత్రం లేదు.